చివరి నుంచి రెండోది గురువా, లఘువా?

పోయిన ఆదివారం మా చెల్లెలి కూతురు ఇంటికొచ్చింది. బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది. కాలేజీ ఊరి బయట, ఉండేది హాస్టల్లో. అక్కడి సాంబారు మీద మొహం మొత్తినప్పుడల్లా మూసాపేటలోని మా ఇంటికి వస్తుంది. నేను బెండకాయలు తరుగుతుంటే, చేతిలో నాలుగు కాగితాలు పట్టుకుని వంటింటికీ హాలుకీ మధ్య తిరుగుతోంది. మంగళవారం సెమినారట. పిత్తాశయం తీసేసే ఆపరేషన్ మీద పది నిమిషాలు మాట్లాడాలి.

"పెద్దమ్మా, ఈ ఒక్క పదానికి నోరు తిరుగుతలేదు. దాటేద్దామంటే టాపిక్కే అదాయె."

కోలిసిస్టెక్టమీ. అది చదివింది ఇలా: కో, లె, సి, స్టె, క్టో, మీ. ఆరింటికి ఆరూ ఒకే తూకం. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి ఊపిరి చాలక ఆగడం, మళ్లీ మొదట్నుంచి ఎత్తుకోవడం.

నాకు నవ్వాగలేదు. దాన్ని చూసి కాదు, అమీర్‌పేటలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏడుపు మొహంతో కూర్చున్న నన్ను నేను చూసుకుని.

2001లో డిగ్రీ అవగానే జగిత్యాలలో బస్సెక్కి జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ తరవాత చదివిన బీజెడ్‌సీ పేరుకి ఇంగ్లీషు మీడియమే గానీ లెక్చరర్లు చెప్పింది తెలుగులో, మేం బట్టీ కొట్టింది ఇంగ్లీషులో. అప్పట్లో అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల కాగితాలు, వాటి మధ్యలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కాగితాలు. కంప్యూటర్ కోర్సుల ఫీజు మా ఇంట్లో ఎవరూ ఊహించలేనిది. బయాలజీ చదివిన పిల్ల కదా, రెండోది పనికొస్తుందని మా బాపు అప్పు చేసి కట్టారు. ఎస్సార్‌నగర్‌లో లేడీస్ హాస్టల్, గదికి ఐదుగురం, స్నానాల గదికి పొద్దున ఐదు నుంచే బకెట్ల క్యూ.

ఆ పని ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికాలో డాక్టరు పేషెంటును చూసి, ఏం జబ్బు, ఏం మందు అన్నది మైకులో చెప్పి వెళ్లిపోతాడు. ఆ ఆడియో ఇక్కడికి వస్తుంది. వాళ్లకి తెల్లారేలోగా మేం విని టైపు చేసి పంపాలి. కాలి కింద పెడల్ ఉంటుంది. వేళ్లతో నొక్కితే ఆడియో నడుస్తుంది, మడమతో నొక్కితే వెనక్కి పోతుంది. 65 క్యారెక్టర్లు ఒక లైను, లైనుకింత అని డబ్బు. వినబడని చోట ఖాళీ గీత పెట్టి వదలాలి. ఆ గీతలు ఎక్కువైతే క్వాలిటీ వాళ్ల దగ్గర మాట పడాలి. మొదటి నెల నా రిపోర్టుల్లో మాటల కంటే గీతలే ఎక్కువ.

రెండో వారంలో ఒక డాక్టరు "సాఫగస్" అన్నాడు. అలాగే వినబడింది. ఇటుకంత మందం ఉన్న మెడికల్ డిక్షనరీ తీసి ఎస్ పేజీల్లో పడ్డాను. ఎస్ తరవాత ఏ, ఎస్ తరవాత ఓ, నడుమ ఎఫ్ పెట్టి, పీహెచ్ పెట్టి, అన్నీ చూశాను. లేదు. సాయంత్రం ఏడైంది, హాస్టల్లో అన్నం అయిపోయే వేళ. మా ట్రైనర్ మేడమ్ బ్యాగు భుజాన వేసుకుని వెళ్తూ వెళ్తూ నా హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని విన్నారు.

"మొదటి అక్షరం మింగేశాడమ్మా. ముందొక అచ్చు ఉందనుకుని వెతుకు."

ఇంగ్లీషు "ఈ" (E) అక్షరం పేజీలో దొరికింది. ఈసాఫగస్. ఆహారవాహిక! పదో తరగతిలో బొమ్మ గీసి, బాణం గుర్తు పెట్టి, భాగాలు రాసి ఐదు మార్కులు తెచ్చుకున్న ఆహారవాహిక. నాకు తెలియని అవయవం కాదు, తెలియని పదమూ కాదు. దాని తల మాత్రం టేపులో లేదు.

ఆ తరవాత చూస్తే తలలు లేని మాటలు గుంపులు గుంపులు. "పెండిసైటిస్" అని విని పీ పేజీల్లో వెతికింది అపెండిసైటిస్. "నీమియా" అనీమియా. "డీమా" ఇడీమా, అంటే వాపు. డిక్షనరీలో వెతకాలంటే మొదటి అక్షరం తెలియాలి. వాళ్లు మింగేదేమో సరిగ్గా ఆ మొదటి అక్షరాన్నే.

ఆ మేడమ్ తార్నాకలో సీఫెల్‌లో డిప్లొమా చేసినావిడ. ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారే, అదే. 1958లో ఇంగ్లీషు టీచర్లకి శిక్షణ ఇవ్వడానికి పెట్టిన సంస్థ, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. మరునాడు క్లాసులో ఆవిడ డిక్షనరీలన్నీ మూయించి, అందరినీ గడ్డం కింద అరచెయ్యి ఆనించుకోమన్నారు. మాట పలికితే గడ్డం చేతికి ఎన్నిసార్లు తగిలితే అన్ని సిలబుల్స్. ఇరవై మంది ఆడపిల్లలం గడ్డాల కింద చేతులు పెట్టుకుని "అ-పెన్-డి-సై-టిస్" అంటుంటే, తలుపు తీసిన టీ అబ్బాయి మళ్లీ మూసి వెళ్లిపోయాడు.

ఐదు తగిలాయి. ఐదింటిలో ఒకదాని దగ్గర గొంతు కాస్త పైకి లేస్తుంది, అచ్చు కాస్త సాగుతుంది, స్పష్టంగా వినబడుతుంది. అది "సై". దానికంటే కొంచెం తక్కువగా "పెన్". మిగతావి నలిగిపోయి అ కాని, ఎ కాని, ఇ కాని ఒక మసక శబ్దంలా మిగులుతాయి. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వినబడే అచ్చు ఆ మసకదేనట. దానికో పేరుంది, ష్వా. అక్షరమాలలో మాత్రం దానికి చోటు లేదు. ఏ, ఈ, ఐ, ఓ, యు ఐదూ వంతులవారీగా దాని వేషం కడతాయి.

ఈ లేచే సిలబుల్‌ని తెలుగులో ఊనిక అంటారని తరవాత తెలిసింది. అప్పుడు మేం ఒత్తు అనుకునేవాళ్లం. మనకి ఒత్తు అంటే హల్లు కింద రాసేది కదా, దాంతో మొదట్లో కొందరు హల్లుల్ని ఒత్తి పలికి మేడమ్‌తో తిట్లు తిన్నారు. (ఈ పోస్టులో ఊనిక ఉన్న సిలబుల్ ముందు చిన్న గీత పెడతాను: అ-పెన్-డి-ˈసై-టిస్. అంతర్జాతీయ ధ్వని లిపిలో పద్ధతి అదే. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న అమెరికన్ డిక్షనరీలో గీత ఊనిక సిలబుల్ తరవాత ఉండేది. ఆ సంగతి తెలియక నెల రోజులు ప్రతి మాటనీ ఒక గడి పక్కకి జరిపి పలికాను. ఎవరైనా డిక్షనరీ పట్టుకుంటే ముందుమాటలో ఆ ఒక్క విషయం చూసుకోండి.)

దీపావళికి ఇంటికెళ్లినప్పుడు ఈ కథంతా మా బాపుకి చెప్పాను. బాపు జడ్పీ హైస్కూల్లో తెలుగు పండితులు. ఇంగ్లీషంటే ఆయనకు కోపమూ లేదు, భయమూ లేదు, ఎదురింటి వాళ్ల బర్రె మీద ఉన్నంత ఆసక్తి మాత్రం ఉండేది. గడ్డం కింద చెయ్యి ముచ్చట విని, "గిదేందే, గణ విభజనకు చెయ్యెందుకు" అన్నారు. (పద్యంలో పలకడానికి ఎక్కువసేపు పట్టేది గురువు, తక్కువసేపు పట్టేది లఘువు. అలా గుర్తించి విడగొట్టడమే గణ విభజన.) పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి "డాక్టర్" అని తెలుగులో రాశారు.

"ఎన్ని?"

నేను చూపుతో లెక్కపెట్టి మూడన్నాను. డా, క్ట, ర్.

"రాసేది మూడు, పలికేది రెండు. 'భక్తి' రాసేటప్పుడు క్తి ఒక్క ముద్దగ రాస్తవు. పలికేటప్పుడు భక్ దగ్గర ఆగి తి అంటవు. అందుకే సంయుక్తాక్షరానికి ముందున్నది గురువైతది. ర్ అనే పొల్లు ఒంటిగ నిలవదు, ముందటిదాన్ని పట్టుకుంటది, దాన్నీ గురువును చేస్తది. డాక్, టర్. రెండు గురువులు, గగము."

గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూశాను. రెండే తగిలాయి.

తొమ్మిదో తరగతిలో యమాతారాజభానసలగం ఊదరగొట్టి, ఉత్పలమాలకు భరనభభరవ అని వేళ్లు మడిచి వల్లించి, పరీక్ష అవగానే మర్చిపోయిన విద్య ఇది. మన లిపి పలుకుని ఒకచోట కోస్తుంది, చెవి ఇంకోచోట కోస్తుంది. ఆ సంగతి ఛందస్సు రాసినవాళ్లకి ముందే తెలుసు. ఇంగ్లీషు మాటని తెలుగు లిపిలో రాసుకుని, ఆ రాతను బట్టి విడగొట్టేవాళ్లందరూ పడే గుంత ఇదే. మా పిల్ల "సి, స్టె, క్టో" అన్నదీ రాతను చూసే. చెవిని అడిగితే సిస్, టెక్, ట అంటుంది.

బాపు అక్కడితో ఆగలేదు. "మరి ఇన్నింట్ల ఏది లేపాల్నో ఎట్ల తెలుస్తది?" అన్నారు. నాకేం తెలుసు! మేడమ్ ఇచ్చిన జాబితా ఉంది, బట్టీ కొట్టాలి అన్నాను. జాబితా చూపించమన్నారు. ముప్పై నలభై మాటలు నాతో పైకి చదివించి, తెలుగులో రాసుకుని, ఒక్కోదాని నెత్తిన గురువుకి గిన్నెలాంటి గుర్తు, లఘువుకి నిలువు గీత పెట్టుకుంటూ పోయారు. మా అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది. మూడోసారి పిలవలేదు.

చివరికి కాగితం నా ముందుకు తోసి, "చివరి నుంచి లెక్కపెట్టు" అన్నారు. "చివరిదాన్ని వదిలెయ్. దాని ముందటిది గురువైతే దాన్నే లేపుతున్నరు. లఘువైతే ఇంకొక్కటి ముందుకు పోతున్నరు."

అ-పెన్-డి-ˈసై-టిస్. చివరి నుంచి రెండోది "సై", గురువు, అక్కడే లేచింది. ఇ-ˈసా-ఫ-గస్. రెండోది "ఫ", లఘువు, కాబట్టి ఒకటి ముందుకు జరిగి "సా" లేచింది. హీ-మ-ˈటో-మ. థర్-ˈమా-మి-టర్. డై-అగ్-ˈనో-సిస్, కానీ హై-ˈపా-థి-సిస్. చివర చూస్తే రెండూ ఒక్కలాంటివే, ఒకదానిలో "నో" గురువు, ఇంకోదానిలో "థి" లఘువు. ఆస్పత్రి మాటలే కాదు, మనందరికీ తెలిసిన వాటిలోనూ అంతే: వ-ˈరాన్-డ, ˈసి-ని-మ.

సెలవయ్యాక ఆ క్యాలెండరు కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చి మేడమ్‌కి చూపించాను. ఆవిడ చాలాసేపు చూశారు. "ఇది లాటిన్ వ్యాకరణంలో ఉన్న సూత్రం. మెడికల్ మాటలన్నీ లాటిన్ నుంచి, గ్రీకు నుంచి లాటిన్ దారిలో వచ్చినవి కదా, అందుకే అతుకుతోంది. మీ నాన్నగారు లాటిన్ చదివారా?" అన్నారు. మా బాపు కోరుట్ల దాటి చదువుకోలేదు. ఆ మాట ఫోన్లో చెప్తే, "లాటిన్‌కు గురులఘువులున్నయా!" అని చుట్టం దొరికినంత సంబరపడ్డారు.

ఒక్క జాగ్రత్త. గురువా లఘువా అన్నది వాళ్ల పలుకుని బట్టి చూడాలి, మన రాతని బట్టి కాదు. మనం అలవాటుగా "హైపోథీసిస్" అని దీర్ఘం పెట్టి రాస్తాం. ఆ దీర్ఘాన్ని నమ్మితే "థీ" గురువై కూర్చుని ఊనికను లాగేసుకుంటుంది. "డయాబెటిస్" కూడా అంతే, డై-అ-ˈబీ-టీజ్. దీర్ఘం ఉండాల్సినచోట మనం హ్రస్వం పెట్టి, లేనిచోట దీర్ఘం పెట్టాం. తెలుగులో దీర్ఘం తీసేస్తే మాట మారిపోతుంది. పాలు వేరు, పలు వేరు. అందుకే ప్రతి అచ్చునీ ఎంత ఉంటే అంత కచ్చితంగా చెల్లించడం మనకి అలవాటు. ఇంగ్లీషు అలా కాదు. ఊనిక ఉన్నవాడికి విస్తరి నిండా, మిగతావాళ్లకి సరిపుచ్చుడు.

సూత్రానికి లొంగనివీ ఉన్నాయి. ఐక్‌తో ముగిసే మాటలు గురులఘువులు చూడవు, ఐక్‌కి ముందున్నదాన్ని లేపుతాయి: డై-అ-ˈబె-టిక్, ఇ-ˈలెక్-ట్రిక్. వాటిలో మళ్లీ అరబిక్, పాలిటిక్స్ లాంటి మొండివి మొదట్లోనే లేస్తాయి. షన్‌తో ముగిసేవి షన్ ముందు లేస్తాయి: ఇగ్-జా-మి-ˈనే-షన్. ఇంజనీరు, ఎంప్లాయీ లాంటివి చివర్నే లేస్తాయి. హైదరాబాదులో ఇంటికొక ఇంజనీరు ఉన్నాడు గానీ ఎన్-జి-ˈనీర్ అని చివర లేపేవాణ్ణి నేను మా కాలనీలో చూడలేదు. లేపక్కర్లేదు కూడా. సంబంధాలు బాగానే కుదురుతున్నాయి.

ఈ మింగుడు సంగతి మాత్రం మనవాళ్లకి మరీ వింతగా ఎందుకు తోస్తుందో నాకు అర్థం కాదు. కంఫర్టబుల్‌ని వాళ్లు "కంఫ్-ట-బుల్" అని మూడింట్లో ముగిస్తే అన్యాయం అంటాం. మా జగిత్యాలలో "అడుగుతున్నాడు" అని ఎవరంటారు? "అడుగ్తున్నడు." "ఎక్కడికి" ఎప్పుడో "ఎక్కడ్కి" అయింది. నడుమ ఉన్న పొట్టి అచ్చు నలిగిపోయింది. రాసేటప్పుడు గుర్తొస్తుంది, మాట్లాడేటప్పుడు ఎవరికీ అక్కర్లేదు. వెడ్నస్‌డే రెండు సిలబుల్స్ అయినదీ, చాక్లెట్ రెండయినదీ అలాగే.

ఇక నా ఉద్యోగం పోబోయిన కథ. అప్పటికి ఇన్‌స్టిట్యూట్ అయిపోయి ఒక కంపెనీలో చేరి ఆరు నెలలు. రాత్రి షిఫ్టు. మోకాళ్ల నొప్పుల ముసలాయన రిపోర్టు. డాక్టరు మెలాక్సికమ్ (మి-ˈలాక్-సి-కమ్, బాపు సూత్రమే) అని చెప్పి మోతాదు చెప్పాడు. నేను 50 మిల్లీగ్రాములు అని కొట్టాను. క్వాలిటీలో ఉన్న అబ్బాయి అరగంటలో నా సీటు దగ్గరికి వచ్చాడు. ఆ బిళ్ల దొరికేది ఏడున్నర, 15 మిల్లీగ్రాముల్లోనే. 50 అన్నదే లేదు.

నాకు పాఠం తెలుసు. ఫిఫ్-ˈటీన్ అయితే చివర లేస్తుంది, ˈఫిఫ్-టి అయితే మొదట లేస్తుంది. టేపులో మొదట లేచింది. నేను చెవులారా విన్నాను. అబ్బాయితో వాదన పెట్టుకున్నాను కూడా. ఇద్దరం కలిసి పెడల్ తొక్కి పదిసార్లు విన్నాం. మొదటే లేస్తోంది, కానీ చివర "న్" ఉందో లేదో అన్నట్టు ఉంది, మిల్లీగ్రాముల "మి"లో కలిసిపోయింది.

మేడమ్‌కి ఫోన్ చేశాను. పొద్దున ఆరింటికి, పాపం. ఆవిడ చెప్పింది విన్నాక నేర్చుకున్నదంతా మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఫిఫ్టీన్ ఒంటరిగా ఉంటే చివర లేస్తుంది. దాని వెనకే మొదట్లో లేచే మాట ఇంకొకటి వస్తే, రెండు ఊనికలు పక్కపక్కన పడి ఇరుకవుతుందని, ఫిఫ్టీన్ తన ఊనికను మొదటికి జరిపేసుకుంటుంది. ˈమిల్-లి-గ్రామ్ మొదట్లో లేచే మాటే. అందుకని ˈఫిఫ్-టీన్ ˈమిల్-లి-గ్రామ్స్ అవుతుంది. అప్పుడు 15కీ 50కీ తేడా "టీ" సాగడంలో, ఆ నలిగిన "న్"లో మాత్రమే మిగులుతుంది. బుద్ధిమంతులైన డాక్టర్లు "ఫిఫ్టీన్, వన్ ఫైవ్" అని అంకెలు విడివిడిగా కూడా చెప్తారు. ఆ డాక్టరు చెప్పలేదు. సెలవుకెళ్లే తొందరలో ఉన్నట్టున్నాడు.

ఉద్యోగం పోలేదు, ఆ నెల ఇన్సెంటివ్ పోయింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా అంకె వినబడగానే నా మడమ దానంతటదే వెనక్కి నొక్కుతుంది. పెడల్ లేకపోయినా. ఇప్పుడు ఆడియోను కంప్యూటరే విని రాసేస్తుంది, మేం ఇంట్లో కూర్చుని దాని తప్పులు దిద్దుతాం. అదీ అంకెల దగ్గర నాలాగే తడబడుతుంది. ఆ విషయంలో దాని మీద నాకు కొంచెం జాలి.

డిశ్చార్జ్ లాంటివి ఇంకో రకం. ˈడిస్-చార్జ్ సమ్మరీ అంటే నామవాచకం, పేషెంటును డిస్-ˈచార్జ్ చేశాం అంటే క్రియ. ఇంక్రీజ్, రికార్డ్, ట్రాన్స్‌ప్లాంట్ అన్నీ ఇలా రెండు చోట్లా లేస్తాయి. నామవాచకమైతే ముందు, క్రియ అయితే వెనక. అన్ని మాటలకీ వర్తించదు గానీ చాలావాటికి పనికొస్తుంది.

ఇదంతా చదివి, అమెరికా యాసలో మాట్లాడాలని చెప్తున్నాననుకుంటారేమో. అబ్బే. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు "డెవలప్‌మెంట్" అని మొదటే లేపినా, అన్నీ సమానంగా పలికినా ఎవరికీ నష్టం లేదు. మన తెలుగు ఇంగ్లీషుకి దాని నడక దానికుంది, అర్థం అవుతూనే ఉంది. చిక్కల్లా అవతలివాడి చెవి వేరేది అయినప్పుడే. లేదా అవతల ఉన్నది మనిషి కానప్పుడు. మొన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ప్రెసిడెంటు గారు ఫోనుకి ఇంగ్లీషులో నోటితో చెప్పి మెసేజీ పెట్టారు: ఆదివారం పదింటికి టెర్రస్ మీద కామెడీ మీటింగు, అందరూ తప్పక రావాలి. కమిటీ అయితే క-ˈమి-టి, నడుమ లేవాలి. ఆయన మొదట లేపారు, ఫోను తనకి తెలిసిన ˈకా-మి-డి రాసుకుంది. నేను మీటింగుకి వెళ్లాను. ఫోను తప్పేం రాయలేదు.

సరే, వంటింట్లోకి వద్దాం. పిల్ల ఇంకా కో, లె, సి దగ్గరే ఉంది.

"ముందు అర్థం చెప్పు, ఎక్కడ విరిగింది ఈ మాట?" అన్నాను.

"కోలె అంటే పిత్తం, సిస్ట్ అంటే సంచి, ఎక్టమీ అంటే కోసి తీసేయడం." టక్కున చెప్పింది. తెలివైనదే.

"మరి పలికేటప్పుడు కూడా అక్కడే విరుస్తావా?"

విరవదు. అర్థం ప్రకారం సిస్ట్, ఎక్టమీ. పలుకు ప్రకారం సిస్, టెక్టమీ. సంచిలో ఉన్న "ట్" కోతలోకి దూకేసింది. పద్యంలో గణం ఒక పదం నడుమ తెగి, మిగిలిన ముక్క పక్క గణంలో పడితే కంగారు పడతామా? పదచ్ఛేదం అర్థానికి, గణ విభజన నడకకి. రెండూ ఒకేచోట తెగాలని ఎక్కడా లేదు. మా పిల్లకి తొమ్మిదో తరగతి తెలుగు గుర్తుంది గానీ, ఎప్పుడూ ఈ పనికి వాడలేదట. ఎవరు వాడతారు!

కరివేపాకు కట్టకున్న రబ్బరు బ్యాండు తీసి దాని రెండు బొటనవేళ్లకీ తగిలించాను. ఇది మేడమ్ చిట్కా. ఊనిక దగ్గర సాగదీయాలి, మిగతాచోట వదిలేయాలి. తరవాత వెనక నుంచి కట్టుకుంటూ రమ్మన్నాను. మి. ట-మి. ˈటెక్-ట-మి, ఇక్కడ సాగదీసింది. సిస్-ˈటెక్-ట-మి. లి-సిస్-ˈటెక్-ట-మి. కో-లి-సిస్-ˈటెక్-ట-మి. ముందు నుంచి కడితే కొండెక్కే లోపల ఊపిరైపోతుంది. వెనక నుంచి కడితే ప్రతిసారీ వెళ్లేది తెలిసిన ఊరికే. నాలుగోసారికి కాగితం చూడకుండా అంది. ఐదోసారికి రబ్బరు బ్యాండు తెగి బెండకాయల్లో పడింది.

ఊపులో ఉంది కదా, "ఇంతకన్నా పెద్దది చెప్పు పెద్దమ్మా" అంది. న్యుమోనోఅల్ట్రా అని మొదలై వోల్కేనోకోనియోసిస్ దాకా పోయేది చెప్పాను. ఇంగ్లీషులో 45 అక్షరాలు, 19 సిలబుల్స్. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే జబ్బని అర్థం. 1935లో పజిళ్ల సరదా ఉన్నవాళ్లు పొడవు కోసం కావాలని అల్లిన మాట, ఏ డాక్టరూ నాకు దాన్ని డిక్టేట్ చేయలేదు. కానీ ఎంత పొడవైనా చివర్లో ఏముంది? ని-ˈఓ-సిస్. రెండోది "ఓ", గురువు, అక్కడే లేస్తుంది. మధ్యాహ్నం అన్నం తిని పడుకునేదాకా మా ఇంట్లో ఆ జబ్బే తిరిగింది. మా ఆయన టీవీ సౌండు పెంచుకున్నారు.

మంగళవారం సాయంత్రం వాయిస్ మెసేజీ వచ్చింది. "పెద్దమ్మా, సర్జరీ పేరు సూపర్ వచ్చింది. మేడమ్ మళ్లీ అనిపించుకున్నది. అనస్తీషియా దగ్గర దొరికిపోయిన."

బస్సులో ఉన్నట్టుంది, వెనక కండక్టరు కేకలు వినబడుతున్నాయి. వాయిస్ మెసేజీ పెట్టాను: అ-నస్-థీ-జి-అ అని మెల్లగా విడగొట్టి, "ఇప్పుడు చివరి నుంచి రెండోది చూడు, గురువా లఘువా?"

రెండు నీలం టిక్కులు పడ్డాయి. కాసేపటికి ఒక్క అక్షరం వచ్చింది: "థీ."